చూసింది గీయండి: బయాలజీ విభాగం ఏం నేర్పాలి?

(డిగ్రీలో బయాలజీ తీసుకున్న పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు కలిసిన ఒక ఆదివారం సమావేశంలో, చెన్నైలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే, అక్కడక్కడా కాస్త సరిచేసి.)

అందరికీ నమస్కారం. మైకు కాస్త కిందికి దించు నాయనా. ఆఁ, చాలు.

ఈ బల్ల మీద ఒక గాజు సీసా ఉంది. అందులో నీళ్ళున్నాయి, నీళ్ళలో ఏవో కదులుతున్నాయి. ముందు వరసలో కూర్చున్న అమ్మాయి వచ్చినప్పటినుంచీ దాన్నే చూస్తోంది. చూడమ్మా, తప్పేం లేదు. దాని సంగతి చివర్లో చెప్తాను. మూత గట్టిగానే బిగించాను, ఎవరూ భయపడక్కర్లేదు.

నన్ను పిలిచినవాళ్ళు ఇచ్చిన విషయం "డిగ్రీ బయాలజీ విభాగం విద్యా లక్ష్యాలు". పేరు వింటేనే ఆవలింత వస్తుంది. మేము పని చేసిన కాలేజీలో మెట్లెక్కగానే ఇదే పేరుతో పెద్ద ఫ్లెక్సీ ఉండేది. పన్నెండు లక్ష్యాలు, చుట్టూ ఆకుపచ్చ అంచు, మూలన డీఎన్‌ఏ మెలిక బొమ్మ. ఆ మెలిక ఎడమవైపు తిరిగి ఉండేది. అసలు డీఎన్‌ఏ మామూలుగా కుడివైపు తిరుగుతుంది. బయాలజీ విభాగం గుమ్మంలోనే తప్పు! నాలుగేళ్ళు వేలాడింది, ఒక్క పిల్ల గానీ పిల్లాడు గానీ అడగలేదు. ఆ ఫ్లెక్సీ రాసిన కమిటీలో నేనూ ఉన్నాను, అందుకే దాన్ని తిట్టే హక్కు నాకుంది.

కాలేజీలకి గ్రేడు ఇచ్చే నాక్ వాళ్ళు వస్తున్నారంటే మా ఇళ్ళల్లో పెళ్ళి హడావుడే. ప్రతి పేపరుకీ ఐదారు లక్ష్యాలు రాయాలి, అవి మొత్తం డిగ్రీ లక్ష్యాలతో ఎంత కలుస్తాయో ఒక పట్టికలో 3, 2, 1 అని అంకెలు వెయ్యాలి. రాత్రి పదకొండింటికి స్టాఫ్ రూములో కూర్చుని వేసేవాళ్ళం. ఇక్కడ 3 ఎందుకయ్యా అంటే, అన్నీ 2లు పెడితే బావుండదని. ట్రైనింగ్‌లో ఇంకో మాట చెప్పారు. "విద్యార్థి అర్థం చేసుకుంటాడు" అని రాయకూడదట. అర్థం చేసుకోవడాన్ని కొలవలేం కాబట్టి "వివరిస్తాడు", "గుర్తిస్తాడు", "పోలుస్తాడు" అని రాయాలట. మొదట నవ్వుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అందులో కొంత నిజం ఉంది. పిల్లవాడికి అర్థమైందని నేననుకుంటే సరిపోదు, వాడు ఏదైనా చేసి చూపించాలి కదా. చిక్కల్లా ఎక్కడంటే, ఆ మాట కాగితం మీదే ఆగిపోయింది. ప్రాక్టికల్ హాలు దాకా రాలేదు.

ఇక్కడ కూర్చున్న తల్లిదండ్రుల మనసులో ఏముందో కూడా నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు అడ్మిషన్ల బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి. నెల్లూరు నుంచి, చిత్తూరు నుంచి, సూళ్ళూరుపేట నుంచి పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళు. నాన్నగారు ఫారం నింపుతూనే, "నీట్‌లో కొద్దిలో పోయిందండీ" అనేవారు. ఎంత కొద్దిలోనో నేను అడిగేవాణ్ణి కాదు. పక్కన పిల్ల తలొంచుకుని నిలబడేది. ఇంటర్లో బైపీసీ చదివిన తెలుగు పిల్లలకి బీఎస్సీ అంటే ఊరు తప్పిపోయి దిగిన స్టేషను. రైలు ఎప్పుడో వెళ్ళిపోయింది, ఇక్కడ ఎందుకున్నామో తెలీదు. మొదటి సెమిస్టర్ అంతా ఆ దిగులుతోనే పోతుంది.

వాళ్ళకి నేనొక కథ చెప్పేవాణ్ణి. భీమవరంలో 1895లో పుట్టిన ఒకాయన మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ పాస్ కాలేదు. అదీ ఈ ఊళ్ళోనే, హిందూ హైస్కూల్లో. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, ఆపైన మద్రాస్ మెడికల్ కాలేజీ. స్వాతంత్ర్యోద్యమం రోజులు, ఆపరేషన్ గదిలోకి ఖద్దరు గౌను వేసుకొచ్చాడని ఒక తెల్లదొర ప్రొఫెసరుకి కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ రాలేదు, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నాడు. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. ఇక్కడిదాకా చెప్పగానే తండ్రులంతా "ఓ, తెలుసండీ" అంటారు. ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, బోదకాలుకి వాడే హెట్రజాన్, అన్నీ చెప్తారు. ఫోటో కూడా చూసి ఉంటారు.

ఇప్పుడు అసలు సంగతి. మా బయోకెమిస్ట్రీ ల్యాబులో రెండో సంవత్సరం పిల్లలు చేసే ఒక ప్రయోగం ఉంది, ఫాస్ఫేట్ ఎంతుందో కొలవడం. పరీక్షనాళికలో మాలిబ్డేట్ వేసి, ఇంకో ద్రావణం కలిపి పది నిమిషాలు ఆగితే నీళ్ళు నీలంగా మారతాయి. ఫాస్ఫేట్ ఎక్కువుంటే ముదురు నీలం, తక్కువుంటే లేత నీలం. రంగు ఎంత ముదురో కొలిచే కలరీమీటర్లో పెట్టి 660 నానోమీటర్ల దగ్గర రీడింగు తీస్తారు. రికార్డులో శీర్షిక "ఫిస్కే–సుబ్బారో పద్ధతి". ప్రతి ఏడూ ఆ శీర్షిక అందంగా, కింద రెండు గీతలు గీసి మరీ రాసేవాళ్ళు. "ఈ సుబ్బారో ఎవరమ్మా?" అంటే, ఫిస్కే సుబ్బారో అని ఒకే మనిషి అనుకునేవాళ్ళు! 1925లో హార్వర్డ్‌లో మన భీమవరం ఆయన, తను ఎవరి దగ్గర పని చేశాడో ఆ ఫిస్కే కలిసి ప్రచురించిన పద్ధతి అది. దాంతో కొలుస్తూ పోతేనే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది, 1929లో కణాలకి శక్తినిచ్చే ఏటీపీ దొరికింది. అంటే పుస్తకంలో రెండో అధ్యాయంలో బట్టీ పట్టే ఏటీపీ, చేతిలో ఉన్న ఈ నీలం నాళికలోంచి వచ్చింది. ఆ రెండూ పిల్లల బుర్రలో ఎక్కడా కలవలేదు. ఏటీపీ థియరీ, నీలం రంగు ప్రాక్టికల్. రెండు వేర్వేరు నోటు పుస్తకాలు, రెండు వేర్వేరు అట్టలు.

ఈ రెండు నోటు పుస్తకాలనీ కలిపి కుట్టడమే బయాలజీ విభాగం పని అని నా అభిప్రాయం. పుస్తకంలో ఉన్న ప్రతి వాక్యం వెనకా ఎవరో ఒకరు ఏదో ఒకటి చూశారు, కొలిచారు, లెక్కపెట్టారు. "ఇది ఎలా తెలిసింది?" అని అడగడం, తన కళ్ళతో తాను చూసి "నాకు ఇలా కనిపించింది" అని చెప్పగలగడం, ఈ రెండూ వస్తే ఆ ఫ్లెక్సీలోని పన్నెండూ వాటి వెనకే వస్తాయి.

ఉల్లిపాయ సంగతి చెప్తాను. కణవిభజన చూసే ప్రయోగం, ఇక్కడ మీ అందరికీ తెలిసిందే. ఉల్లిపాయని నీళ్ళ గ్లాసు మూతి మీద కూర్చోబెడితే మూడు రోజుల్లో తెల్లటి వేళ్ళు దిగుతాయి. పొద్దున్నే వేరు కొసలు కత్తిరించి, ఆల్కహాలు, ఎసిటిక్ యాసిడ్ కలిపిన దాంట్లో వేసి ఉంచుతారు. తర్వాత పల్చటి యాసిడ్‌లో కాస్త వేడి చేస్తే మెత్తబడుతుంది. రంగు వేసి, కవర్ స్లిప్ పెట్టి, బ్లాటింగ్ కాగితం వేసి బొటనవేలితో నొక్కాలి. ఈ నొక్కడంలోనే ఉంది విద్య అంతా. తక్కువ నొక్కితే ముద్ద, ఎక్కువ నొక్కితే కవర్ స్లిప్ ఫట్. పక్కకి జరిగిందా, కణాలన్నీ చుట్టుకుపోయి వత్తుల్లా తయారవుతాయి. మా అటెండరు గారు, పెద్దగా చదువుకోలేదు, తమిళాయన, ఇరవై ఏళ్ళుగా చూసి చూసి మా అందరికంటే బాగా నొక్కేవాడు. పిల్లలు రహస్యంగా ఆయన చేతే నొక్కించుకునేవాళ్ళు.

ఒకసారి ఒక పిల్లాడి రికార్డు చూస్తున్నాను. నాలుగు దశలూ వరసగా, అద్భుతంగా గీశాడు. మెటాఫేజ్ దశలో క్రోమోజోములు దండకి గుచ్చిన పూసల్లా మధ్య గీత మీద కూర్చున్నాయి. రంగు పెన్సిళ్ళు కూడా వాడాడు. "బావుంది నాయనా, ఇందులో మెటాఫేజ్ ఏదో స్లైడులో చూపించు" అన్నాను. మైక్రోస్కోపులో వెతికాడు, వెతికాడు. చెమటలు పట్టాయి. ఆ స్లైడు నిండా విభజన మొదలుకాని కణాలే ఉన్నాయి, గుండ్రటి కేంద్రకాలతో. విభజనలో ఉన్న కణం ఒక్కటీ లేదు. "మరి ఇది ఎక్కడ చూశావు?" అంటే, "సీనియర్ రికార్డులో సార్." ఆ సీనియర్ ఎక్కడ చూశాడో అడిగితే అతనికీ ఒక సీనియర్ ఉంటాడు. అలా వెనక్కి వెళ్తే చివరికి పుస్తకంలో అచ్చేసిన బొమ్మ దగ్గర తేలుతుంది. ఒక తరం మొత్తం మైక్రోస్కోపులోకి కన్ను పెట్టకుండానే కణవిభజన గీసేసింది.

ఆ స్లైడులో ఏమీ లేదని వాడనుకున్నాడు. నిజానికి అందులోనూ చూడాల్సింది ఉంది. ఐదు వందల కణాలు లెక్కపెట్టి, వాటిలో ఎన్ని విభజనలో ఉన్నాయో రాస్తే, కణం తన జీవితంలో ఎంతసేపు విభజనకి ఖర్చు పెడుతుందో అంచనా వస్తుంది. చాలా కణాలు విభజన కాకుండా ఊరికే ఉన్నట్టు కనిపించడం కూడా జవాబే. ఎక్కువ సమయం అలాగే గడుస్తుంది మరి. పుస్తకంలో మాత్రం నాలుగు దశలూ సమానంగా నాలుగు గళ్ళలో వేస్తారు, పిల్లలు నాలుగింటికీ సమాన సమయం పడుతుందనుకుంటారు.

తర్వాతి ఏడు ఒక అమ్మాయి వచ్చింది. రోజూ తెల్లారుజామున సూళ్ళూరుపేటలో లోకల్ ఎక్కి మూర్ మార్కెట్ దగ్గర దిగి వచ్చేది. ఆ అమ్మాయి చూసింది చూసినట్టు గీసింది. ఒక దాని మీద ఒకటి పడ్డ క్రోమోజోములు, పక్కన ఒక గాలి బుడగ. దాని కింద తెలుగులో పెన్సిలుతో "ఇది బుడగ" అని కూడా రాసుకుంది. ఉల్లికి క్రోమోజోములు పదహారు. "నాకు పదమూడే లెక్కకి వచ్చాయి, మిగతావి కింద పడి ఉండొచ్చు" అని రాసింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పరీక్షకి బయటి ఎగ్జామినర్ వచ్చారు. రికార్డు తిరగేసి, ఆ పేజీ మీద ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, "బొమ్మ నీట్‌గా లేదు, పదహారు చూపించలేదు" అని మార్కులు తీసేశారు. నేను పక్కనే ఉన్నాను. నోరు మెదపలేదు. ఎగ్జామినర్‌తో గొడవెందుకు, మిగతా పిల్లల మార్కులు కూడా పోతాయేమోనని. ఇప్పటికీ ఆ ఎర్ర గీత కళ్ళముందు ఉంది. ఫ్లెక్సీలో ఐదో లక్ష్యం "శాస్త్రీయ దృక్పథం పెంపొందించుట". ఎర్ర గీతతో ఏం పెంపొందించామో ఆ అమ్మాయికి తెలుసు.

వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్ గారి పేరు వినే ఉంటారు. తలశ్శేరిలో పుట్టినా డిగ్రీ చదువు ఈ ఊళ్ళోనే, క్వీన్ మేరీస్, తర్వాత ప్రెసిడెన్సీ, కొన్నాళ్ళు విమెన్స్ క్రిస్టియన్ కాలేజీలో పాఠాలు చెప్పారు. 1945లో ఇంగ్లండు శాస్త్రవేత్త డార్లింగ్టన్‌తో కలిసి సాగుమొక్కల క్రోమోజోముల అట్లాస్ వేశారు. దాంట్లో ఉన్న ప్రతి అంకె వెనకా ఎవరో ఒకరు వేలితో నొక్కిన స్లైడు ఉంది. ఎన్ని సార్లు పదమూడు లెక్కకొచ్చి, మళ్ళీ మొదటినుంచి చూసుంటారో! ఆ పదమూడుకి మార్కులిచ్చే విభాగం కావాలి నాకు.

లెక్కల గురించి ఒక మాట చెప్పి తీరాలి. బైపీసీ తీసుకోవడానికి సగం మంది కారణం మ్యాథ్స్ భయం. దాచుకోకండి, ఇక్కడ చాలా తలలు ఊగాయి. డిగ్రీలో బయోస్టాటిస్టిక్స్ రాగానే పాత టెన్షన్ మళ్ళీ మొదలు, ఆ ఒక్క పేపరులోనే అరియర్లు. మేము చేసింది ఒక్కటే. ఫార్ములా చెప్పకముందు కాలేజీలోని రెండు బాదం చెట్ల కింద రాలిన ఆకులు యాభై యాభై ఏరుకొచ్చి, స్కేలుతో కొలవమన్నాం. ఒక చెట్టు ఆకులు రెండో దానికంటే పెద్దవా? చూస్తే పెద్దగానే ఉన్నాయి. కానీ ఒకే చెట్టులోనే ఇంత తేడా ఉందే, మరి ఎలా చెప్పడం? ఆ ఇబ్బంది పడ్డాక, రెండు గుంపుల సగటుల్లో తేడా నిజమేనా అని తేల్చే టీ-టెస్ట్ చెప్తే పిల్లలు దాహమేసినవాడికి నీళ్ళిచ్చినట్టు తీసుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివిన సి.ఆర్. రావు గారు కుర్రతనంలో కేంబ్రిడ్జ్ వెళ్ళి ఏం చేశారో తెలుసా? మ్యూజియంలో కూర్చుని సూడాన్‌లో తవ్వి తీసిన పాత ఎముకలు కొలిచారు. అంత గొప్ప స్టాటిస్టిక్స్ ఆయన కూడా చేత్తో ఎముక పట్టుకున్నాడు!

కోతల గురించి పాతతరం వాళ్ళు అడుగుతుంటారు. కప్పని కోయడం 2014లో యూజీసీ ఆపించాక ఇక జువాలజీ ఏముందని. నేను కోసిన తరం వాణ్ణే. ఆ రోజుల్లో ప్రతి టేబులుకీ ఒక కప్ప. నిజం చెప్పాలంటే మాలో చాలామందిమి ఆ నరాలు కూడా పుస్తకం బొమ్మ చూసే "చూశాం". కప్ప పోయినందుకు నాకు బాధ లేదు. దాని బదులు కంప్యూటర్లో బొమ్మ కోసి, అదే ప్రాక్టికల్ అనుకుంటే మాత్రం బాధ.

బయటికి వెళ్తే ఈ ఊళ్ళో చూడ్డానికి కొదవా? జనవరి నుంచి నీలాంకరై, బెసంట్ నగర్ ఇసుకలో రాత్రుళ్ళు తాబేళ్ళ నడకలు ఉంటాయి. 1988 నుంచి విద్యార్థులే నడుపుతున్నారు. ఒక్క గూట్లో వంద పైగా గుడ్లు పెడుతుంది ఆలివ్ రిడ్లీ తాబేలు. వాటిని తవ్వి తీసి, కంచె వేసిన చోట మళ్ళీ పాతి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతారు. ఇసుక వెచ్చగా ఉంటే ఆడవి ఎక్కువ, చల్లగా ఉంటే మగవి ఎక్కువ పుడతాయని అక్కడ వాలంటీరు చెప్పాడు. మా వాళ్ళలో ఒకడు నిద్రమత్తులోనే అడిగాడు, "అరచేతిలో పట్టే ఈ పిల్ల ఆడో మగో ఎలా తెలిసింది అన్నా?" అని. చాలా మంచి ప్రశ్న అది. పైకి చూస్తే తెలీదు. చనిపోయిన పిల్లల లోపలి అవయవాలు చూడాలి, లేదా గూటి వేడి కొలిచి అంచనా వెయ్యాలి. ఆ రాత్రి రెండింటికి ఇసుకలో కూర్చుని అరగంట దీని మీదే మాట్లాడుకున్నాం. నా మొత్తం సర్వీసులో అంత మంచి క్లాసు ఇంకోటి లేదు. ఏ పేపరు కిందికీ రాదు కాబట్టి పట్టికలో దానికి 1 కూడా పడలేదు.

ఇందాక చెప్పిన సూళ్ళూరుపేట అమ్మాయి ఉంది చూశారూ, పులికాట్ ఒడ్డు పిల్ల. నేలపట్టులో గూడబాతులు ఎప్పుడు దిగుతాయో, ఏ ఏడు ఆలస్యంగా వచ్చాయో, వానలకీ దానికీ లంకె ఏమిటో వాళ్ళ తాత చెప్పింది చెప్పినట్టు చెప్పేది. రెండేళ్ళు క్లాసులో ఒక్కమాట అనలేదు. ఎందుకమ్మా అంటే, "అది బయాలజీ అనుకోలేదు సార్, మా ఊరి సంగతి కదా" అంది. చూశారా, తప్పంతా మాదే.

ఉద్యోగాల గురించి దాటవేస్తున్నాననుకుంటారు. ఉన్నమాట చెప్తాను. ఉత్త బీఎస్సీతో మందుల కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్, డయాగ్నస్టిక్ ల్యాబులు, అమ్మకాలు, ఇవే ఎక్కువ. జీతం మొదట్లో తక్కువ. ఎమ్మెస్సీ చేయాలి, ఐఐటీల్లో సీటుకి జామ్ అనే పరీక్ష రాయాలి. ఎండాకాలం సెలవుల్లో బెంగళూరులోని సైన్స్ అకాడమీ వాళ్ళ ఫెలోషిప్‌కి పెట్టుకోండి, రెండు నెలలు నిజమైన ల్యాబులో ఉండొచ్చు. అక్కడ మిమ్మల్ని అడిగేది మార్కులు కాదు, నువ్వేం చూశావు అనే.

ఇక సీసా. అందులో కదిలేవి దోమ పిల్లపురుగులు, లార్వాలు. మా వీధిలో ఒక హాస్టలు ఉంది, పిల్లలకి వరసగా జ్వరాలు. మా పాత విద్యార్థి ఒకడు పైన ట్యాంకు మూత తీసి చూశాడు. చెన్నైలో మలేరియా మోసే దోమ, అనోఫిలిస్ స్టీఫెన్సీ, మురుక్కాలవలో పెరగదు. మంచినీళ్ళు కావాలి దానికి. బావులు, మిద్దె మీద ట్యాంకులు దాని పుట్టిళ్ళు. జనం మాత్రం మురుగు పారే కూవం నది వైపు చూసి తిడతారు.

రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడని చిన్నప్పుడే చదివారు. అంతకుముందు రెండేళ్ళు ఏం చేశాడో పుస్తకంలో ఉండదు. రెండేళ్ళూ వేరే రకం దోమల్ని కోశాడు! ఒక్కో దోమనీ మైక్రోస్కోపు కింద, చెమట కళ్ళల్లో పడుతుంటే. ఏమీ కనపడలేదు. కనపడలేదనే రాసుకున్నాడు. సీనియర్ రికార్డు లేదు కదా పాపం. తర్వాత రెక్కల మీద మచ్చలున్న దోమ దొరికింది, దాంట్లో కనిపించింది. 1902లో నోబెల్.

ఈ సీసాలో నీళ్ళు రెండు చోట్ల నుంచి తెచ్చాను. కొంత ఆ హాస్టలు ట్యాంకువి. కొంత, నిర్వాహకులు ఏమీ అనుకోకపోతే, ఈ హాలు వెనక క్రోటన్ కుండీ కింద పళ్ళెంలోవి. (నవ్వులు.) నవ్వకండి, మీ ఇళ్ళల్లో కూడా చూసుకోండి. లార్వాకి తోక దగ్గర ఊపిరి గొట్టం ఉంటే తలకిందులుగా వేలాడుతుంది. గొట్టం లేనిది నీటి పైపొర కింద అడ్డంగా పడుకుంటుంది. అనోఫిలిస్‌కి గొట్టం ఉండదు. సీసా కదపకుండా ఓ నిమిషం ఆగాలి, కదిపితే అన్నీ అడుక్కి పారిపోతాయి.

కాఫీ వచ్చినట్టుంది. భూతద్దం సీసా పక్కనే ఉంది, తెల్ల కాగితాలు, పెన్సిళ్ళు కూడా పెట్టాను. ఎన్ని అడ్డంగా ఉన్నాయో, ఎన్ని వేలాడుతున్నాయో నేను పొద్దున లెక్కపెట్టుకున్నాను కానీ చెప్పను. ముందు వరస అమ్మాయీ, నువ్వు రా ముందు. తర్వాత మీ నాన్నగారు.